ముప్పై దాటాక పళ్లకు క్లిప్పులు

వయసు అడ్డు కాదు, చిగుళ్లే అడ్డు. చిగుళ్ల నుంచి రక్తం కారుతుండగా క్లిప్పులు వేస్తే పళ్లు వదులయ్యే ప్రమాదం ఉంది. అందుకే ముందు క్లీనింగ్, పుచ్చుపళ్లకు సిమెంటు. ఆ తర్వాతే ఎక్స్‌రేలు, అచ్చులు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఎక్కడికెళ్లినా ఆర్థోడాంటిక్స్‌లో (పళ్లను వరసలో పెట్టే విభాగం) ఎండీఎస్ చేసిన డాక్టరేనా అని అడగండి, మొహమాటం వద్దు.

ఇరుకు ఎక్కువైతే కోరపన్ను వెనకది తీయాల్సి రావచ్చు. చికిత్సకు మామూలుగా 18 నుంచి 24 నెలలు పడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చూపించుకోవాలి.

మొదటి మూడు నాలుగు రోజులు నమలలేరు. ఉగ్గాని, మెత్తటి సంగటి, పప్పు చాలు. తీగ కొన బుగ్గకు గుచ్చుకుంటే బఠాణీ గింజంత క్లిప్పుల మైనం వేళ్లతో నలిపి, బ్రాకెట్‌ను (పంటికి అతికించిన చిన్న బిళ్లను) దూదితో బాగా తుడిచి అద్దాలి. తడి మీద మైనం నిలవదు. చెరుకు, నిప్పట్లు, వేయించిన చెనిక్కాయలు, ఎండిన జొన్నరొట్టె అంచులు... బ్రాకెట్లు ఊడేది వీటితోనే. ఊడినదాన్ని పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తిన్న ప్రతిసారీ తోమాలి. లేదంటే బ్రాకెట్ చుట్టూ తెల్లమచ్చలు పడతాయి, అవి పూర్తిగా పోవడం కష్టం.

క్లిప్పులు తీశాక రిటైనర్ (పళ్లను కొత్త వరసలో నిలిపి ఉంచేది) మానేస్తే పళ్లు మళ్లీ పాత దారి పడతాయి. ప్లాస్టిక్‌దైతే చన్నీళ్లతోనే కడగండి, వేడినీళ్లకు వంకర పోతుంది.