చేతిలో కొద్ది డబ్బుతో నగరం చూడబోతున్నారా? బయలుదేరే ముందే చూసుకోవాల్సినవి

రెండు మూడు రోజులు ఏదైనా నగరానికి వెళ్లి రావాలనుకునేవాళ్లు ముందు టికెట్ ధర చూస్తారు, తర్వాత గది అద్దె చూస్తారు. రెండూ కలిపితే వచ్చిన అంకె అందుబాటులో ఉంటే చాలనుకుని బయలుదేరతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. డబ్బు ధారాళంగా ఉన్నవాళ్లకు చివరి బస్సు తప్పిపోతే కాసేపు చిరాకు, అంతే. ఇంకో బండి మాట్లాడుకుని వెళ్లిపోతారు. లెక్క చూసుకుని వెళ్లేవాళ్లకు అదే బస్సు తప్పితే మర్నాటి ఖర్చుకు ఉంచుకున్న డబ్బు ఆ రాత్రే అయిపోతుంది. అందుకే తక్కువ ఖర్చు ప్రయాణానికే ఎక్కువ జాగ్రత్త కావాలంటాను.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి అన్నిటికన్నా తక్కువ ధరకు దొరికిందని ఊరి శివార్లలో గది తీసుకున్నాను. టికెట్ కూడా చవకదే, కాబట్టి నేను దిగేసరికి అర్ధరాత్రి కావొచ్చింది. బస్సులు ఆగిపోయాయి. అడిగినంత ఇచ్చి టాక్సీలో వెళ్లాను. ఆ ఒక్క ప్రయాణానికి రెండు రాత్రుల గది అద్దె కన్నా ఎక్కువ అయింది. వెళ్లేసరికి రిసెప్షన్ మూసేసి ఉంది. తలుపు తీసేవాళ్ల కోసం గంటసేపు బయట నిలబడ్డాను. ఆ రాత్రి పడిన భయం ఇప్పటికీ గుర్తుంది.

టికెట్ కొనే ముందు

ధర కన్నా ముందు దిగే సమయం చూడండి. మీరు దిగాక నగరంలోకి బస్సో రైలో ఉందా, చివరిది ఎన్నింటికి, ఆదివారమూ సెలవు రోజుల్లోనూ అదే టైమా అన్నది ఆ రవాణా సంస్థ సొంత సైట్‌లోనే చూసుకోవాలి. తర్వాత దిగే చోటు. చవక విమానాలు చాలాసార్లు నగరానికి దూరంగా ఉన్న విమానాశ్రయాల్లో దిగుతాయి. పారిస్ పేరుతో టికెట్లు అమ్మే బోవే విమానాశ్రయం ఆ నగరానికి దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి నగరానికి వెళ్లిరావడానికయ్యే చార్జీ కూడా టికెట్ ధరలో కలిపి చూస్తే, దగ్గర్లో దింపే ఖరీదైన టికెట్టే ఒక్కోసారి చవక అవుతుంది.

చవక టికెట్‌లో చాలాసార్లు సీటు కింద పట్టే చిన్న బ్యాగు మాత్రమే ఉచితం. చక్రాలూ పిడీ కలుపుకుని ఇంట్లోనే టేపుతో కొలవండి. గేటు దగ్గర పట్టుకుంటే వేసే చార్జీ, ముందే ఆన్‌లైన్‌లో కట్టే చార్జీ కన్నా సాధారణంగా బాగా ఎక్కువ ఉంటుంది. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉంచాలి. దాని సామర్థ్యాన్ని వాట్-అవర్లలో కొలుస్తారు, 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. మామూలుగా అందరి దగ్గరా ఉండే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సుమారు 74 వాట్-అవర్లే కాబట్టి దాంతో టెన్షన్ లేదు. కానీ దాని మీద సామర్థ్యం అంకె చెరిగిపోయి ఉంటే తనిఖీ దగ్గర తీసేసుకునే అవకాశం ఉంది.

గది విషయంలో

మొదట కనిపించే అద్దెను నమ్మొద్దు. డబ్బు కట్టే ఆఖరి పేజీ వరకూ వెళ్లి, అక్కడ కనిపించే మొత్తాన్నే లెక్కలోకి తీసుకోండి. శుభ్రం చేసే చార్జీ, సర్వీస్ చార్జీ అక్కడే బయటపడతాయి. కొన్ని నగరాల్లో పర్యాటక పన్ను గదికి వెళ్లాక విడిగా కట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి ఆ పన్ను గది అద్దెలో 12.5 శాతం. కొద్ది డబ్బుతో వెళ్లినవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు.

రివ్యూలు చదివేటప్పుడు మొత్తం రేటింగ్‌ను పక్కనపెట్టి, ఈ మధ్య రాసినవీ తక్కువ మార్కులు వేసినవీ చదవండి. రాత్రి పూట ఆ వీధి ఎలా ఉంటుందో, స్టేషన్ నుంచి నడిచి రావచ్చో లేదో అందులోనే తెలుస్తుంది. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లయితే మొదటి రాత్రికి మాత్రం పొదుపు చూసుకోవద్దని గట్టిగా చెబుతాను. స్టేషన్‌కు దగ్గరగా, రాత్రంతా రిసెప్షన్ ఉండే చోట దిగండి. మర్నాడు పగటి వెలుగులో చూసుకుని చవక గదికి మారొచ్చు.

డార్మిటరీలో ఉండేవాళ్లు సొంత తాళం తీసుకెళ్లాలి. లాకర్ ఉందని రాస్తారు, తాళం మాత్రం అద్దెకిస్తారు.

ఇంకో జాగ్రత్త. బుకింగ్ అయ్యాక ‘మీ పేమెంట్ ఫెయిలైంది, ఈ లింకులో మళ్లీ కట్టండి, లేకపోతే బుకింగ్ క్యాన్సిల్ అవుతుంది’ అని మెసేజ్ రావచ్చు. మీ పేరూ తేదీలూ సరిగ్గానే ఉంటాయి కాబట్టి నమ్మబుద్ధవుతుంది. నమ్మొద్దు. మీరు బుక్ చేసిన సైట్‌లోకే మీరుగా వెళ్లి చూసుకోండి, అనుమానం ఉంటే హోటల్‌కు ఫోన్ చేసి అడగండి. సైట్ బయట డబ్బు కడితే తిరిగి రావడం చాలా కష్టం.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు అలసట

పొదుపు గురించి ఎవరితో మాట్లాడినా ధరల గురించే చెబుతారు. నా దృష్టిలో నగరంలో డబ్బు ఎక్కువగా పోయేది అలసట వల్ల. అలసిపోయిన మనిషి బేరమాడడు, మ్యాప్ చూడడు, రెండు వీధుల అవతల ఏముందో వెతకడు. ఎదురుగా ఉన్న హోటల్‌లో కూర్చుంటాడు, మొదట ఆగిన బండి ఎక్కుతాడు. పేరున్న కట్టడం పక్కనే, అందరూ అలసిపోయే చోటే, ధరలు ఎక్కువగా ఉండడం అనుకోకుండా జరిగింది కాదు.

అందుకని కాళ్ల గురించి ముందే ఆలోచించండి. కొత్త బూట్లు వేసుకుని వెళ్లొద్దు. కనీసం రెండు వారాలు ఇంటి దగ్గర వేసుకుని తిరిగాకే ప్రయాణానికి పనికొస్తాయి. నగరం చూసే రోజున పది పదిహేను కిలోమీటర్లు నడిచినట్టే తెలియదు, ఆ తర్వాత బొబ్బలు లేస్తాయి. మడమ దగ్గర రాసుకుంటున్నట్టు అనిపించిన వెంటనే ఆగి ప్లాస్టర్ అంటించుకోవాలి. బొబ్బ లేచాక అంటిస్తే లాభం తక్కువ. తర్వాతి రెండు రోజులు నడవాల్సిన చోటల్లా బండెక్కాల్సి వస్తుంది.

రోజుకు ఒక్క పెద్ద చోటు చాలు. అది పొద్దున్నే చూసేయండి. మధ్యాహ్నం గంటా రెండు గంటలు ఏ పార్కులోనో, పబ్లిక్ లైబ్రరీలోనో కూర్చోండి. ఆకలి నకనకలాడేదాకా ఆగొద్దు, ముందు రోజే కొనుక్కున్నదేదో బ్యాగులో ఉంచుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో ముందే కనుక్కుని ఖాళీ సీసా వెంట పెట్టుకోండి. ఇన్ని చోట్లు చూడాలని పెట్టుకున్న పెద్ద జాబితాలో సగం కొట్టేస్తే బాధగానే ఉంటుంది. కానీ మూడో మ్యూజియంలో కాళ్లు నొప్పులు పెడుతుంటే గోడకు ఏం వేలాడుతోందో ఎవరికీ పట్టదు.

ఉచితం అన్నచోట

ఉచితంగా చూడగలిగినవి ప్రతి నగరంలోనూ ఉంటాయి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం శాశ్వత ప్రదర్శనలకు, వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలకు టికెట్ లేదు. కొన్ని చోట్ల మాత్రం కొన్ని రోజులూ కొన్ని గంటలే ఉచితం. వాటికాన్ మ్యూజియంలు నెలలో ఆఖరి ఆదివారం ఉచితం, ఆ రోజు క్యూ కూడా అంతే పొడవుగా ఉంటుంది. ఎండలో గంటలకొద్దీ నిలబడి మిగిల్చుకున్న డబ్బు మీ మూడు రోజుల్లో సగం పూట విలువ చేస్తుందో లేదో మీరే తేల్చుకోవాలి. నేనైతే చాలాసార్లు టికెట్ కొనడమే మేలనుకుంటాను.

సెలవు రోజు తప్పక చూసుకోండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. యూరప్‌లో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు.

వీధిలో ఎదురొచ్చి మీ చేతికి దారం కట్టేవాళ్లు, పువ్వు పెట్టేవాళ్లు, కాగితం మీద సంతకం అడిగేవాళ్లు ఉచితం అంటూనే మొదలుపెడతారు. చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవండి. సమాధానం చెప్పనక్కర్లేదు. ఉచిత వాకింగ్ టూర్ వేరు, అది మోసం కాదు. కానీ ఆ గైడుకు చివర్లో మీరిచ్చేదే జీతం, అది ముందే లెక్కలో పెట్టుకుని వెళ్లడం మర్యాద.

డబ్బు, కార్డు, ఫోన్

పరాయి దేశంలో కార్డు గీకినప్పుడో, ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడో ‘మీ సొంత కరెన్సీలో లెక్కించమంటారా’ అని అడుగుతుంది. వద్దనండి. అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మన కరెన్సీ చూస్తే ధైర్యంగా ఉంటుంది కానీ ఆ మారకపు రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే.

హోటల్ డిపాజిట్‌కు డెబిట్ కార్డు ఇస్తే అంత మొత్తం కొన్ని రోజులపాటు మీ ఖాతాలో చేతికి అందకుండా ఆగిపోతుంది. ఉన్నది కొద్ది డబ్బే అయినప్పుడు ఇది ప్రమాదం. లండన్‌లాంటి చోట్ల కార్డు తాకించి మెట్రో, బస్సు ఎక్కితే ఒక పరిమితి దాటాక ఆ రోజుకు ఇక చార్జీ పడదు. కానీ పొద్దున కార్డూ సాయంత్రం ఫోనూ తాకిస్తే వాటిని ఇద్దరు మనుషుల కింద లెక్కేస్తుంది. రోజంతా ఒకదానితోనే తిరగండి.

ఫోన్ మీదే అంతా ఆధారపడి ఉంది కాబట్టి దాన్ని కాపాడుకోవాలి. మెట్రో తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూడొద్దు, తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. నగరం మ్యాప్‌ను నెట్ లేకుండా పనిచేసేలా ముందే దించుకోండి. గది చిరునామా, ఇంటి ఫోన్ నంబర్, పాస్‌పోర్ట్ నంబర్ ఒక కాగితం మీద రాసి పర్సులో కాకుండా వేరేచోట దాచుకోండి. అత్యవసర నంబర్ 112 యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో పనిచేస్తుంది. వేరే దేశమైతే అక్కడి నంబర్ కనుక్కుని అదే కాగితం మీద రాయండి.

ఖర్చుకు తీసుకెళ్లే డబ్బును రోజుకొక కవరుగా విడదీయడం పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. వాటితో పాటు మరో కవరు ఉండాలి. ఒక రాత్రి మంచి గదికీ, స్టేషన్ దాకా టాక్సీకీ సరిపడా డబ్బు అందులో పెట్టి అంటించేయండి. రెండో కార్డు కూడా దాంట్లోనే ఉంచండి. పర్సు ఉన్న బ్యాగులో ఆ కవరు పెట్టొద్దు. ఆఖరి రోజు గది ఖాళీ చేశాక లగేజీ ఎక్కడ ఉంచుతారో, దానికెంత తీసుకుంటారో వెళ్లిన రోజే అడిగి పెట్టుకోండి. ఆపద వస్తే తప్ప, అంటించిన ఆ కవరును తిరిగొచ్చే బండి ఎక్కి కూర్చున్నాకే విప్పండి.