చెక్ ఇంజిన్ లైట్ వెలగట్లేదా, ఆరట్లేదా? తప్పు ఇంజిన్‌దా వైరుదా ఎలా తేల్చుకోవాలి

మా బాబాయ్ ఆమధ్య ఒక 2008 మోడల్ పెట్రోల్ బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు. "చూడరా, మీటర్లో ఒక్క లైటు కూడా లేదు, బండి బంగారం" అని తెగ మురిసిపోయాడు. నేను ఊరుకోకుండా సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్‌లో మాత్రం పెట్టి చూశా, ఆయిల్ లైటు వచ్చింది, బ్యాటరీ లైటు వచ్చింది, ఆ ఇంజిన్ బొమ్మ మాత్రం రాలేదు. మీటర్ విప్పితే హోల్డర్ ఉంది, అందులో బల్బు లేదు! ఎవరు పీకారో దేవుడికే తెలియాలి. కొత్త బల్బు పెట్టగానే వెలిగింది, ఇంజిన్ స్టార్ట్ చేసినా ఆరలేదు, మెకానిక్ స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్‌లో లోపం ఉందని చెప్పే కోడ్ బయటపడింది.

అందుకే ఇంజిన్ సంగతి చూసేముందు లైటు నిజం చెప్తోందో లేదో చూడాలి.

మొట్టమొదట చేయాల్సింది పైన నేను చేసిందే, దీనికి పైసా ఖర్చు లేదు. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. కొన్ని బండ్లలో స్టార్ట్ చేయకపోయినా కొన్ని సెకన్లకే ఆరిపోద్ది, అది కంగారు పడాల్సిన విషయం కాదు. ఇలా వెలిగి ఆరిందంటే సర్క్యూట్ బానే ఉన్నట్టు. ఇంకోటి, బండి నడుస్తుండగా లైటు టకటకా కొట్టుకుంటుంటే మాత్రం అది వైరు సమస్యేమో అని టైం పాస్ చేయకండి, అది సాధారణంగా మిస్‌ఫైర్, అంటే సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు, కాలని పెట్రోల్ వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడు చేస్తుంది, యాక్సిలరేటర్ తగ్గించి పక్కన ఆపేయండి.

తర్వాత స్కానర్. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్ట్ (బండి లోపాల కోడ్లు చదివే సాకెట్) ఉంటుంది, బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్లో యాప్‌తో చూస్కోవచ్చు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకి ఓబీడీ-2 వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండ్లకి ఈ చవక అడాప్టర్లు సాధారణంగా పనిచేస్తాయి, అంతకుముందు వాటికి మెకానిక్ దగ్గరున్న స్కానరే దిక్కు కావచ్చు. అడాప్టర్‌లో లైటే రాలేదా, 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు రావట్లేదేమో చూడండి, చాలా బండ్లలో ఇది సిగరెట్ లైటర్ ఫ్యూజుతోనే నడుస్తుంది, ఎవరో చవక చార్జర్ పెట్టి ఆ ఫ్యూజు కొట్టేసి ఉంటారు.

స్కానర్‌లో అందరూ కోడ్లు చూసి ఊరుకుంటారు, అసలు చూడాల్సింది ఎమ్ఐఎల్ (చెక్ ఇంజిన్ లైటుకే ఇంకో పేరు) స్టేటస్. అంటే లైటు వెలిగించమని ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఆర్డర్ ఇచ్చిందా లేదా అని. స్కానర్ ఆన్ అంటోంది, మీటర్లో కూడా వెలుగుతోంది అంటే సర్క్యూట్ తప్పేం లేదు, వెళ్లి ఆ కోడ్ సంగతి చూస్కోండి. స్కానర్ ఆన్ అంటోంది గానీ మీటర్లో చీకటి, లేదా స్కానర్ ఆఫ్ అంటోంది, ఇంజిన్ స్టార్ట్ చేసినా మీటర్లో మాత్రం వెలుగుతూనే ఉంది, ఈ రెండిట్లోనే సర్క్యూట్ మీద అనుమానం. పి0650 కోడ్ కనిపిస్తే ఈసీఎమ్మే స్వయంగా ఈ లైటు సర్క్యూట్ బాలేదని చెప్తున్నట్టు.

ఇక వైరింగ్. పాత బండ్లలో బల్బుకి ఒకవైపు ఇగ్నిషన్ ఫ్యూజు నుంచి 12 వోల్టులు వస్తాయి, రెండోవైపు వైరు ఈసీఎంకి వెళ్తుంది, ఈసీఎం ఆ వైరుని ఎర్త్ చేస్తే (అంటే మైనస్‌కి కలిపితే) లైటు వెలుగుతుంది. కొత్త బండ్లలో ఈ వైరే ఉండదు, క్యాన్ లైన్‌లో (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) మెసేజ్ పోతుంది, మీటర్ తనే వెలిగించుకుంటుంది. మీ బండి ఏ రకమో వైరింగ్ డయాగ్రామ్ చూస్కోకుండా చెయ్యి పెట్టొద్దు. పసుపు రంగు కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు) ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలు పోవద్దు. ఈసీఎం వైర్ల మీద బల్బు ఉన్న పాతకాలం టెస్ట్ ల్యాంప్ కూడా వద్దు, ఎక్కువ కరెంటు లాగి లోపలి భాగాలు కొట్టేస్తుంది, మల్టీమీటర్ చాలు.

లైటు అస్సలు వెలగట్లేదు అనుకోండి. మిగతా లైట్లు కూడా రాకపోతే ఫ్యూజు, ఇదొక్కటే రాకపోతే ముందు బల్బు చూడండి. అదీ బానే ఉంటే కీ తీసేసి, బ్యాటరీ మైనస్ విప్పి, ఈసీఎం కప్లర్ లాగేసి, మళ్లీ మైనస్ తగిలించి కీ ఆన్ చేయండి. కప్లర్‌లో లైటు వైరు దగ్గర మల్టీమీటర్ ఎర్ర పిన్ను, నల్లది బాడీకి. 12 దాకా చూపిస్తే కరెంటు అక్కడిదాకా వస్తోందన్నమాట, సున్నా అయితే మధ్యలో ఎక్కడో తెగింది. 12 చూపించగానే సంబరపడిపోకండి, మల్టీమీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా, చిలుము పట్టిన జాయింట్ కూడా దానికి 12 చూపిస్తుంది, బల్బుకి మాత్రం సరిపోదు. అందుకని అదే వైరుని 1 ఆంపియర్ ఫ్యూజు ఉన్న చిన్న వైరుతో ఒక్క క్షణం బాడీకి తాకించండి (అదే వైరు అని రెండుసార్లు చూస్కుని!). బల్బు ఫుల్‌గా వెలిగితే వైరు, బల్బు రెండూ ఓకే, తప్పు ఈసీఎం కప్లర్ పిన్నులోనో, ఈసీఎం ఎర్త్‌లోనో, ఈసీఎంలోనో ఉంది.

లైటు ఆరనే ఆరట్లేదు, స్కానర్ మాత్రం ఆఫ్ అంటోంది అనుకోండి. పాత రకం వైరింగ్ అయితే ఇలాగే ఈసీఎం కప్లర్ లాగండి. అయినా వెలుగుతుంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, చాలాసార్లు ఎవరో తర్వాత చేసిన పని వల్లే. నేను చూసిన ఒక బండిలో స్టీరియో బిగించేటప్పుడు కొట్టిన స్క్రూ సరిగ్గా వైరింగ్ కట్టలోకి దిగింది, వైరు మీద సన్నగా, పిన్నుతో గీసినట్టు ఒక గాటు, అందులోంచి రాగి మెరుస్తోంది, అంతే. స్క్రూ తీసి, గాటు దగ్గర సోల్డర్ చేసి, స్లీవ్ వేస్తే లైటు ఆరింది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇలాగే ఉంటాయి, బానెట్ కింద వైరింగ్ కిట్ అంతా ఒకసారి వేళ్లతో తడిమి చూడండి. కప్లర్ లాగితే ఆరిపోతే మాత్రం ఈసీఎం మీద అనుమానం.

క్యాన్ బండి అయితే బ్యాటరీ విప్పేసి ఓబీడీ పోర్ట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. చాలా బండ్లలో 60 దగ్గర రావాలి, 120 వస్తే చివర ఉండే రెండు రెసిస్టర్లలో ఒకటి లైన్లో లేదు, సున్నా దగ్గర ఉంటే షార్ట్. గేట్‌వే (పోర్ట్‌కీ లోపలి లైన్లకీ మధ్య ఉండే కంప్యూటర్) ఉన్న బండ్లలో ఈ లెక్క తేడా వస్తుంది, కాబట్టి మాన్యువల్ చూడందే దేన్నీ తప్పుబట్టొద్దు.

మెకానిక్ "ఈసీఎం పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడా, ఒక్క నిమిషం ఆగమనండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఈసీఎం ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టేజ్ కొలవమనండి. 0.1 వోల్టు కంటే ఎక్కువ ఉంటే ఆ ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించి మళ్లీ చూడండి. ఇరవై రూపాయల ఎమరీ పేపర్‌తో పోయేదానికి వేలు పోసి ఈసీఎం కొన్నవాళ్లు ఉన్నారు.

పని అయ్యాక కోడ్ క్లియర్ చేసి, కీ ఆన్ చేస్తే వెలగాలి, స్టార్ట్ చేస్తే ఆరాలి. గుంతలున్న రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు తిప్పుకొచ్చి స్కానర్ మళ్లీ పెట్టండి, వైరు ఇంకా ఎక్కడైనా వదులుగా ఉంటే ఆ కుదుపులకే బయటపడుతుంది. బాబాయ్ బండికి సెన్సార్ మార్చాక ఇప్పుడు బానే ఉంది, ఆయనైతే ఎవరి కారు ఎక్కినా ముందు కీ ఆన్ చేయించి మీటర్‌లోకే తొంగిచూస్తున్నాడు.