గడగడా చదువుతారు, ఎందుకని అడిగితే చెప్పలేరు

సమస్య: పిల్లలు పాఠం తడుముకోకుండా చదివేస్తారు. ఎవరు, ఎక్కడ అంటే చెప్తారు. "ఎందుకు?" అనగానే పుస్తకంలోని వాక్యాన్నే అప్పజెప్తారు. తిరుపతిలో ఆరు, ఏడు తరగతుల పిల్లల తల్లిదండ్రుల దగ్గర తరచూ వినే మాటే ఇది.

ఇంట్లో ఇలా పరీక్షించండి: "వాళ్లు పొద్దున్నే రేణిగుంటలో రైలు దిగారు. మర్నాడు మళ్లీ రైలెక్కేటప్పటికి నాన్నకు, బాబాయికి గుండ్లున్నాయి." మధ్యలో ఎక్కడికి వెళ్లారని అడగండి. తిరుమల కొండకని మన ఊరి పిల్లలు టక్కున చెప్పాలి. "అది పాఠంలో లేదు" అన్నారంటే తేడా అక్కడే ఉంది.

కారణం: రాసేవాళ్లు అన్నీ రాయరు. వాక్యాల మధ్య వదిలేసిన ఖాళీని మనకు తెలిసినదానితో పూడ్చుకుంటూ, జరుగుతున్నదాన్ని మనసులో కట్టుకుంటూ పోవాలి. అలా మనసులో కట్టుకున్నదాన్నే వాన్ డైక్, కించ్ అనే పరిశోధకులు 1983లో సిట్యుయేషన్ మోడల్ అన్నారు. మన పిల్లలు మాటల దగ్గరే ఆగిపోతున్నారు. బట్టీ పడితే మార్కులొస్తున్నప్పుడు వాళ్లను ఏమనగలం?

పరిష్కారం: ఇంకోసారి చదవమనకండి. చదువుతుండగానే ఆపి "నీకెలా తెలిసింది?" అనండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబు చెప్పేటప్పుడు పాఠంలోని మాట మీద వేలు పెట్టాలి, తనకు తెలిసిన సంగతీ కలపాలి. గుండు ఒక్కటే చూస్తే ఇంట్లో ఎవరో పోయారని కూడా అనుకోవచ్చు. రేణిగుంట కూడా ఉంది కాబట్టి తిరుమల మొక్కు గుర్తొస్తుంది. వేలు పెట్టడానికి మాటే దొరక్కపోతే ఆ జవాబు ఒప్పుకోకండి.

సమస్య: కథలు అర్థమవుతాయి, కొత్త విషయాల పాఠం మాత్రం ఎక్కదు.

కారణం: ఖాళీలు పూడ్చడానికి కావాల్సిన సరుకు లేదు. బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే పరిశోధకులు 1972లో బట్టలు ఉతకడం గురించి ఆ మాట రాకుండా ఒక పేరా రాసి వినిపించారు. విషయం ముందే చెప్పినవాళ్లకు బాగా అర్థమైంది, ఎక్కువ గుర్తుంది. విన్నాక చెబితే లాభం లేకపోయింది.

పరిష్కారం: పాఠం దేని గురించో ముందే కాసేపు మాట్లాడండి, ఫోటో ఉంటే చూపించండి.

సమస్య: మొదట అనుకున్నదాన్ని వదలరు.

పరిష్కారం: ఇందాకటి రెండు వాక్యాలకు ఇంకోటి కలపండి: "తాత పెద్దకర్మకు వచ్చిన చుట్టాలు స్టేషన్ దాకా సాగనంపారు." ఇప్పుడు కొండ మాట పక్కన పెట్టాలి. "ఇందాక ఏమనుకున్నావు? ఏ మాట చూసి మార్చుకున్నావు?" అని అడగండి. మార్చుకోకపోతే కోప్పడకుండా, మూడు వాక్యాలూ కలిపి కథగా చెప్పమనండి.