డేలీమౌంట్ పాత మెట్లు ఉండగానే: పేటలోని మైదానం చరిత్ర రాసుకోవడం ఎలా

డబ్లిన్‌లోని పాత ఫుట్‌బాల్ మైదానం డేలీమౌంట్ పార్క్ చరిత్ర రాసుకోవాలనుకునేవాళ్లు ముందుగా లైబ్రరీకి పరుగెత్తకండి. శుక్రవారం సాయంత్రం మ్యాచ్‌కి ఒక టికెట్టు కొనుక్కుని, ఆట మొదలవడానికి గంట ముందే మైదానం ఉన్న ఫిబ్స్‌బరో పేట చేరి, బయటి వీధుల్లోంచి మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. చేతిలో చిన్న నోటుబుక్కు ఉంటే చాలు. ఈ పని ఇప్పుడే ఎందుకంటే, 2015లో ఈ మైదానాన్ని డబ్లిన్ సిటీ కౌన్సిల్ కొనేసింది. పాతది తీసేసి కొత్తది కట్టాలన్నది వాళ్ల ఆలోచన. కొత్త స్టేడియం రావాల్సిందే, నాకూ అదే కావాలి. కానీ జనం నిలబడి ఆట చూసే ఈ మెట్లు పోయాక వాటి సంగతి రాయాలంటే ఆధారం దొరకదు.

మేం ఉండేది ఆ పేటలోనే. మా పెద్దాడికి బోస్ అంటే ప్రాణం, అంటే ఈ మైదానంలో ఆడే బొహీమియన్స్ జట్టు. వాడు అడిగే ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ నేను నేర్చుకున్న పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. మీరు కార్క్‌లో ఉన్నా లిమరిక్‌లో ఉన్నా మీ పక్క మైదానానికీ ఇది పనికొస్తుంది.

నడుస్తున్నప్పుడు పేర్లు రాసుకోండి. ఒక గోల్ వెనక ఉన్న మెట్లని ట్రామ్‌వే ఎండ్ అంటారు. నగర వీధుల్లో పాత ట్రామ్‌లు 1949లో ఆగిపోయినా పేరు మాత్రం పోలేదు. ఎదుటి వైపు స్కూల్ ఎండ్, దాని వెనక సెయింట్ పీటర్స్ బడి. మైదానం రాకముందు ఈ జాగాని పిస్సర్ డిగ్నమ్ పొలం అనేవారట. ఇలాంటి పేరు చెవిన పడితే మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు రాసుకోండి. ఆఫీసు కాగితాల్లో ఇవి దొరకడం కష్టం.

తర్వాత పెద్దవాళ్లతో మాట్లాడండి. ఇక్కడి ముసలాయనల్ని "ఏ సంవత్సరంలో?" అని అడిగితే మాట అక్కడే ఆగిపోతుంది. "మీరు ఎక్కడ నిలబడేవారు? మొదటిసారి ఎవరు తీసుకొచ్చారు?" అని అడగండి, ఇక వాళ్లే చెప్పుకుపోతారు. మైదానం పక్కనే ఉన్న కొనాట్ స్ట్రీట్ ఇళ్లలో పెరిగిన ఆడవాళ్లని తప్పకుండా అడగండి. మ్యాచ్ రోజున గుమ్మం ముందు ఎంత జనం ఉండేవారో, సైకిళ్లు ఎక్కడ పెట్టేవారో, వీధి దుకాణాల్లో ఏం అమ్ముడుపోయేదో లోపల ఆట చూస్తున్న మగాళ్లకేం తెలుసు?

వాళ్లు చెప్పింది తప్పని వాదించొద్దు, నిజమని వెంటనే రాసేయొద్దు. పక్కన ప్రశ్న గుర్తు పెట్టి పత్రికల్లో సరిచూడండి. అసలు శ్రమంతా ఇక్కడే. పాత ఐరిష్ పత్రికల ఆన్‌లైన్ భాండాగారాలకు మామూలుగా చందా కట్టాలి. డబ్లిన్ నగర లైబ్రరీల్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉచితంగానే చూడొచ్చు. ఇంకా లోతుకి వెళ్లాలంటే పియర్స్ స్ట్రీట్ లైబ్రరీలో చదువుకునే గది ఉంది. మైదానం పేరు కొట్టి వెతికితే వేల ఫలితాలొచ్చి తల తిరుగుతుంది. తేదీ పట్టుకుని వెళ్లండి. ఇక్కడ బోస్ తొలి మ్యాచ్ 1901 సెప్టెంబర్ 7న, షెల్‌బర్న్ మీద 4-2తో గెలిచారు. అది శనివారం, కాబట్టి సోమవారం నాటి దినపత్రిక తీయాలి.

ఉదాహరణకి 1957 మే 19 తీసుకోండి. ప్రపంచ కప్ అర్హత పోటీలో ఇంగ్లండ్ ఇక్కడికి వచ్చింది. లెక్కకు వచ్చిన జనమే 47,600. మూడో నిమిషంలోనే ఆల్ఫ్ రింగ్‌స్టెడ్ గోల్ కొట్టాడు. ఆ ఒక్క గోల్‌ని ఐర్లండ్ ఆటంతా కాపాడుకుంది. ఇక ఈల వేయడమే తరువాయి అనుకుంటుండగా టామ్ ఫిన్నీ పక్కనుంచి బంతి అందించాడు, జాన్ అటియో దాన్ని తలతో నెట్‌లోకి పంపాడు. 1-1. ఐర్లండ్ ఆశ అక్కడితో సరి. ఆ క్షణాన కమ్మిన నిశ్శబ్దం ఓకానల్ స్ట్రీట్‌లోని నెల్సన్ స్తంభం దాకా వినిపించిందని ఈనాటికీ చెప్పుకుంటారు. ఇది చదివేటప్పుడు ఆటల పేజీతో ఆగొద్దు. అదే పత్రిక లోపలి పేజీల్లో బస్సులు, గేట్లు, పోలీసుల గురించి చిన్న చిన్న వార్తలు వెతకండి. మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందరి ప్రకటనలు కూడా చూడండి, టికెట్టు ధరలు అక్కడే పట్టుబడతాయి.

1985 ఫిబ్రవరి 5 గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు. అప్పటి ప్రపంచ విజేత ఇటలీతో స్నేహపూర్వక మ్యాచ్. పట్టేవాళ్లకంటే ఎంతోమంది ఎక్కువ లోపలికి వచ్చేశారు. జనం పొంగి మైదానం గీతల దాకా వచ్చి కూర్చున్నారు. పాల్ మెక్‌గ్రాత్ దేశం తరఫున తొలిసారి ఆడింది ఆ రాత్రే. కొన్ని నెలల్లోనే బ్రాడ్‌ఫర్డ్, హేసెల్ స్టేడియాల్లో ప్రేక్షకులు చనిపోయిన దుర్ఘటనలు జరిగాయని గుర్తు చేసుకుంటే డేలీమౌంట్ ఎంత ప్రమాదం నుంచి బయటపడిందో తెలుస్తుంది. పెద్ద మ్యాచ్‌లు నగరంలోనే ఉన్న లాన్స్‌డౌన్ రోడ్డు స్టేడియానికి ఎందుకు వెళ్లిపోయాయో రాయాలంటే ఈ రాత్రిని వదలడానికి లేదు.

మైదానమంటే ఆట ఒక్కటే కాదు. 1980 జూలై 6న బాబ్ మార్లీ ఇక్కడ పాడాడు. ఐర్లండ్‌లో ఆయన కచేరీ అదొక్కటే. అలాంటి రోజులకు వేరే పేజీ పెట్టండి.

మ్యాపుల పని తేలిక. ప్రభుత్వ మ్యాపుల సైటులో 19వ శతాబ్దం మొదటి సగం నాటి, మైలుని ఆరు అంగుళాల్లో చూపే మ్యాపు, ఆ తర్వాతి, మైలుని ఇరవై అయిదు అంగుళాల్లో చూపే మ్యాపు ఉచితంగా చూడొచ్చు. ఒకే చోటుని రెండింట్లోనూ తెరిచి పక్కపక్కన పెడితే పొలాలు వీధులైన తీరు కళ్లకు కడుతుంది. ఆ వీధుల్లో ఎవరుండేవారో తెలియాలంటే 1901, 1911 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఇంటింటి వారీగా ఉన్నాయి. అంతకుముందువి చాలావరకు మిగల్లేదు. కొన్నిటిని ప్రభుత్వమే తీసేసింది, కొన్ని 1922లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల దగ్గరి రికార్డుల భవనంతో పాటు కాలిపోయాయి.

ఇక ఫొటోలు. గోల్ పోస్టుల్ని అందరూ తీస్తారు. మీరు తుప్పు పట్టిన ఇనుప గేటు, అరిగిన మెట్టు అంచు, గోడ మీద వెలిసిన అక్షరాలు తీయండి. ఎక్కడ నిలబడి ఏ వైపుకి తీశారో, ఏ తేదీనో ఆ రోజే రాసిపెట్టండి. పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేముందు అనుమతి అడగండి, తర్వాత ఒక కాపీ వాళ్లింటికే పంపండి. రెండో కాపీ క్లబ్బుకో పేట లైబ్రరీకో ఇవ్వండి, తీసుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.