ఇంగ్లండ్‌లో అద్దె పెంచారా? ఏజెంట్ ఫీజు అడిగారా?
"వచ్చే నెల నుంచి అద్దె ఇంత" అని ఏజెంట్ మెయిల్ పెట్టగానే సరే అనేయకండి. 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్ల అద్దె ఏడాదికి ఒక్కసారే, అదీ సెక్షన్ 13 నోటీసుతో (అద్దె పెంచడానికి ఓనరు ఇవ్వాల్సిన అధికారిక ఫారం), కనీసం రెండు నెలల ముందు చెప్పి పెంచాలి. నోటీసు వస్తే చుట్టుపక్కల అలాంటి ఇళ్ల ప్రకటనలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ముందు బేరమాడండి, కుదరకపోతే కొత్త అద్దె మొదలయ్యే తేదీలోపే ట్రిబ్యునల్‌కు (అద్దె వివాదాలు తేల్చే కోర్టు లాంటి సంస్థ) వెళ్లండి. ఓనరు అడిగినదానికంటే ఎక్కువ వేసే అధికారం దానికి లేదు, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

ఇక ఫీజులు. రెన్యువల్, రిఫరెన్స్, ఇన్వెంటరీ... ఏజెంట్లకు పేర్లకేం కొదవ, 2019 టెనెంట్ ఫీజ్ చట్టం ప్రకారం అవేవీ మీ దగ్గర వసూలు చేయకూడదు. హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపి ఉంచడానికి ముందుగా కట్టేది) కూడా వారం అద్దె దాటకూడదు. ఇప్పటికే కట్టేసి ఉంటే వెనక్కిమ్మని మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు. ఇవ్వకపోతే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు (వినియోగదారుల ఫిర్యాదులు చూసే స్థానిక కౌన్సిల్ విభాగం) ఫిర్యాదు చేయండి.