ప్రభుత్వంలో ఫాసిజం ఛాయలు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

మన రాజకీయ చర్చల్లో ‘ఫాసిస్టు’ అనేది తిట్టుగా మారి చాలా కాలమైంది. కరెంటు ఛార్జీ పెంచినా ఫాసిజమే, ఫ్లెక్సీ పీకేసినా ఫాసిజమే. ఇది ‘నాన్నా, పులి’ కథ. నిజంగా వచ్చిన రోజున ఎవరూ తల తిప్పి చూడరు.

నియంతలందరూ ఫాసిస్టులు కారు. మామూలు సైనిక నియంత జనాన్ని ఇంట్లో నోరు మూసుకుని కూర్చోమంటాడు. ఫాసిస్టుకి అది చాలదు, జనం వీధిలోకి వచ్చి జేజేలు కొట్టాలి. మన జాతి ఒకప్పుడు గొప్పది, లోపలి శత్రువులు పాడుచేశారు, ఈ ఒక్క నాయకుడే మళ్లీ నిలబెడతాడు, ఆయన్ని ప్రశ్నిస్తే దేశాన్ని ప్రశ్నించినట్టే. ఈ మాటలన్నీ ఒకే నోట వినిపించి, వెనక కర్ర పట్టుకున్న గుంపు కూడా ఉంటే అప్పుడు ఆ పేరు పెట్టొచ్చు. కింది లక్షణాల్లో ఒక్కటి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు కలిసి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

లక్షణం: పార్టీ మనుషులు కొడతారు, పోలీసులు చూస్తూ నిలబడతారు

1921-22లో ఇటలీ పల్లెల మీద ముస్సోలినీ ఫాసిస్టు పార్టీ నల్లచొక్కాల దళాలు లారీల్లో వచ్చి పడేవి. కూలీల సంఘం ఆఫీసు తగలబెట్టి, నాయకుణ్ణి పట్టుకుని గొంతులో ఆముదం పోసేవారు. ఆముదమంటే మనకి చిన్నప్పుడు అమ్మమ్మ ముక్కు మూసి పట్టించిన చెంచాడు గుర్తొస్తుంది. అక్కడ సీసాలకు సీసాలు. పదిమందిలో పరువు తీయడానికే ఆ పని.

కారణం: పో నది మైదానంలోని భూస్వాములకు కూలీల సంఘాలంటే భయం, డబ్బు వాళ్లిచ్చారు. పోలీసులు చాలాచోట్ల చూసీ చూడనట్టు వదిలేశారు. 1921 ఎన్నికల్లో 535 సీట్లకి 35 మాత్రమే గెలిచిన ఆ పార్టీ, మరుసటి ఏడాది అక్టోబరులో రోమ్ మీదికి దండెత్తుతామని బెదిరించింది. ప్రధాని లుయీజీ ఫాక్టా సైనిక పాలన ఉత్తర్వు సిద్ధం చేస్తే రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. ముస్సోలినీ మిలాన్ నుంచి రాత్రి రైల్లో పడుకుని వచ్చి ప్రధాని అయ్యాడు. మరుసటి ఏడాది ఆ దళాలకి ప్రభుత్వ హోదా కూడా దక్కింది.

ఏం చేయాలి: మొదటి దెబ్బ దగ్గరే పట్టుకోవాలి. తన్నులు తిన్నవాడు మనకి నచ్చని పార్టీవాడైనా ఎఫ్ఐఆర్ కట్టమని అడగాలి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

లక్షణం: ఎన్నికలు జరుగుతాయి, కానీ రూల్స్ గెలిచినవాడే రాస్తాడు

1923లో ఇటలీ పార్లమెంటు అచెర్బో చట్టం చేసింది. అన్నిటికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న జాబితాకి, అవి 25 శాతమైతే చాలు, మూడింట రెండు వంతుల సీట్లు. 2014లో హంగరీలో అప్పటి ప్రధాని విక్టర్ ఓర్బాన్ పార్టీ దాదాపు 45 శాతం ఓట్లతో 199లో 133 సీట్లు తీసుకుంది. అంతకుముందే సీట్ల సంఖ్య 386 నుంచి తగ్గించి, నియోజకవర్గాల గీతలు కొత్తగా గీసుకున్నారు. ఓర్బాన్‌ది ఫాసిజమని నేననను, అక్కడ వీధి దళాలు లేవు. గీతలు గీసే చేయి మాత్రం చూసినట్టే ఉంది.

ఇటలీలో ఆ తర్వాత జరిగింది కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అక్కడ ఒక రిపేరు చేశారు, అది పనిచేయలేదు. 1924 ఏప్రిల్ ఎన్నికలు దౌర్జన్యంతో గెలిచారని మే 30న సోషలిస్టు నాయకుడు జాకోమో మత్తెయోట్టి సభలో నిలబడి చెప్పాడు. అవతలి బెంచీల నుంచి ఒకటే అరుపులు, అడుగడుగునా అడ్డుపడ్డారు. ఆయన ఆపలేదు. జూన్ 10 మధ్యాహ్నం రోమ్‌లో టైబర్ నది ఒడ్డున నడిచి వెళ్తుంటే కారులోకి లాక్కుపోయారు. శవం ఆగస్టులో ఊరి బయట అడవిలో దొరికింది. దేశం అట్టుడికింది. ముస్సోలినీ పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు.

అప్పుడు ప్రతిపక్షం ఏం చేసిందంటే, వంద మందికి పైగా సభ్యులు సభను బహిష్కరించి బయట కూర్చున్నారు. రాజు కల్పించుకుంటాడని ఎదురుచూశారు. రాజు కదల్లేదు. వీళ్లు వదిలేసి పోయిన సభలోనే 1925 జనవరి 3న ముస్సోలినీ నిలబడి, జరిగినదానికంతటికీ బాధ్యత నాదే, ఏం చేస్తారో చేసుకోండి అన్న ధోరణిలో మాట్లాడాడు. 1926 నవంబరులో ఆ బహిష్కరించినవాళ్ల సభ్యత్వాలే రద్దయ్యాయి.

ఏం చేయాలి: కుర్చీ ఖాళీ చేయకూడదు. మన స్థాయిలో అయితే ఓటరు జాబితా. పోలింగు రోజు పేరు లేదని గొడవపడేకంటే సవరణ జరిగేటప్పుడే చూసుకోవాలి. పేరు లేకపోతే ఫారం 6. మన పేరు తీసేయమని ఎవరైనా ఫారం 7 పెట్టారేమో బీఎల్‌ఓని (బూత్ స్థాయి అధికారిని) అడగాలి.

లక్షణం: జడ్జీలు హఠాత్తుగా ‘ముసలివాళ్లు’ అవుతారు

హంగరీలో 2012లో జడ్జీల పదవీ విరమణ వయసు 70 నుంచి ఒక్కసారిగా 62కి దించారు. యూరోపియన్ కోర్టు తప్పుపట్టేసరికి చాలా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చున్నారు. మన దగ్గర వయసు దాకా పోలేదు, వరుస తప్పించారు. ఎమర్జెన్సీలో నిర్బంధితులకి కోర్టుకి వెళ్లే హక్కు లేదని 1976లో సుప్రీంకోర్టు 4-1 తేడాతో తీర్పిచ్చింది. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మరుసటి జనవరిలో ఆయన్ని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా చేశారు. నియామకాల వార్త లోపలి పేజీలో చిన్నగా వస్తుంది, అదే ముందు చదవాలి.

లక్షణం: పేపర్లన్నీ ఒకే మాట మాట్లాడతాయి

ఇప్పుడు సెన్సారు ఆఫీసరు అక్కర్లేదు, ప్రకటనల బిల్లు చాలు. 2018లో హంగరీలో ప్రభుత్వానికి దగ్గరి యజమానులు 400కి పైగా మీడియా సంస్థల్ని ఒకే ఫౌండేషన్‌కి ఉచితంగా ఇచ్చేశారు. ప్రభుత్వ ప్రకటనల డబ్బు ఏ పత్రికకి, ఏ ఛానల్‌కి ఎంత పోయిందో మనం ఆర్టీఐ కింద సమాచార, పౌర సంబంధాల శాఖని అడగొచ్చు. ఫీజు పది రూపాయలు.

లక్షణం: ‘తాత్కాలికం’ అన్న ఉత్తర్వు పోదు

1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడింది. తెల్లారి వచ్చిన ఉత్తర్వు పౌరహక్కుల్ని ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ ఆపేసింది. ఆ తదుపరి ఉత్తర్వు హిట్లర్ బతికుండగా రాలేదు.

ఈ లోపాన్ని సరిచేసిన అనుభవం మనకుంది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ మీద రాష్ట్రపతి సంతకం అయిపోయింది, కేబినెట్‌కి తెలిసింది మర్నాడు పొద్దున. ఢిల్లీలో పేపర్లు అచ్చయ్యే వీధికి రాత్రికి రాత్రే కరెంటు తీసేశారు. దాన్ని ఫాసిజం అనడం కంటే నియంతృత్వం అనడమే సరైందని నా అభిప్రాయం. అయినా జబ్బు ప్రవేశించిన దారి అదే.

44వ రాజ్యాంగ సవరణ ఆ దారికి తలుపు బిగించింది. ‘అంతర్గత కల్లోలం’ అన్న ఎటైనా సాగే మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని రాశారు. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి. నెలలోగా పార్లమెంటు ఒప్పుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఒప్పుకోవాలి. జీవించే హక్కుని ఎమర్జెన్సీలోనూ ఆపడానికి లేదు.

ఇందులో మన వాటా చిత్రమైంది. 1977లో ఉత్తరాది ఊడ్చిపెట్టి ఎమర్జెన్సీ సర్కారుని దించేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 ఆ సర్కారు నడిపిన కాంగ్రెస్‌కే ఇచ్చింది. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ ఉత్తరాదిలో తగిలినంతగా ఇక్కడ ఇంటింటికీ తగల్లేదు. అరెస్టయిన రచయితల ఇళ్లకి, ఎన్‌కౌంటర్లలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకి తగిలింది గానీ, వాళ్ల సంగతి పేపర్లో రాలేదు. మిగిలిన ఒక్క సీటు నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. 44వ సవరణ మీద 1979 ఏప్రిల్లో సంతకం పెట్టింది ఆయనే.