వైరస్‌ల ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు

2003 ఆగస్టులో సింగపూర్‌లో ఒక పరిశోధక విద్యార్థికి సార్స్ అనే ప్రాణాంతక శ్వాసకోశ వ్యాధి సోకింది. అతను పనిచేస్తున్నది దోమల ద్వారా పాకే వెస్ట్ నైల్ వైరస్ మీద. అతను వాడిన నమూనాలో సార్స్ వైరస్ కలిసిపోయి ఉందని విచారణలో తేలింది. కాబట్టి సీసా మీది చీటీని ఊరికే నమ్మకండి. లోపల ఏముందో పరీక్షించి నిర్ధారించుకున్నాకే పని మొదలుపెట్టండి.

"ఇది చనిపోయిన వైరస్, భయం లేదు" అని ఎవరైనా చేతికిస్తే ఇంకా జాగ్రత్త. వేడి చేశాం, ఫార్మలిన్ రసాయనం కలిపాం అన్న మాట చాలదు. దాన్ని తాజా కణాల మీద వేసి, ఒకటికి రెండు విడతలు పెంచినా వైరస్ కనిపించలేదన్న రికార్డు చూపించమనండి. సీనియర్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పని మొదలవకముందే టీకాలు వేయించుకోండి. మనిషి రక్తంతో, కణజాలంతో పని ఉంటే హెపటైటిస్ బి టీకా తప్పనిసరి. గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు ల్యాబ్ వైద్యుడితో ముందే మాట్లాడాలి.

ఇక క్యాబినెట్. గాలిని వడకట్టి మీ ముఖం మీదికే ఊదే క్లీన్ బెంచ్, మిమ్మల్ని కాపాడే బయోసేఫ్టీ క్యాబినెట్ చూడటానికి కవలల్లా ఉంటాయి. మొదటిది కాపాడేది నమూనాను మాత్రమే, అందులో వైరస్ తెరవకూడదు. రెండోదానిలో కూడా ముందున్న జాలీ మీద నోట్‌బుక్ గాని, చేతులు గాని పెట్టారంటే గాలి తెర చెదిరిపోతుంది. చేతులు నెమ్మదిగా, నేరుగా లోపలికి పెట్టి, ఒక నిమిషం ఆగి పని మొదలుపెట్టండి.

ల్యాబ్‌లో ప్రమాదం చాలాసార్లు తుంపరల రూపంలోనే వస్తుంది. ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్‌లోని చివరి చుక్కను గట్టిగా నొక్కి తోస్తే కొన మీద చిన్న బుడగ లేస్తుంది. అది పగిలినప్పుడు కంటికి కనిపించని తుంపరలు గాల్లో కలుస్తాయి. కొనను గొట్టం గోడకు ఆనించి, ద్రవాన్ని మెల్లగా జారనివ్వండి. నమూనా గొట్టాలను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో గొట్టం పగిలిన చప్పుడైతే మిషన్ ఆపి, మూత తెరవకుండా 30 నిమిషాలు వదిలేయండి. ఏం జరిగిందో చూద్దామన్న ఆత్రమే కొంప ముంచుతుంది.

70 శాతం ఆల్కహాల్‌తో అన్నీ చస్తాయనుకోవడం పెద్ద భ్రమ. కొవ్వు పొర ఉన్న వైరస్‌లు దానికి లొంగుతాయి. ఆ పొర లేని పోలియో, నోరో లాంటివి అంత తేలిగ్గా లొంగవు. వాటికి ఆ రోజే కలిపిన బ్లీచ్ ద్రావణం వాడండి, పోసిన వెంటనే తుడిచేయకండి. బ్లీచ్ కలిసిన చెత్తను మాత్రం ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టవద్దు, విషవాయువు వెలువడుతుంది.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పారే నీటితో కడగండి. కంట్లో చిందితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి, వెంటనే ల్యాబ్ భద్రతాధికారికి చెప్పండి.

జ్వరం వస్తే మామూలు జలుబేలే అని సరిపెట్టుకోకండి. 2004లో బీజింగ్‌లో ల్యాబ్‌లో సార్స్ సోకిన ఒక పరిశోధకురాలి నుంచి ఆమె తల్లికి, వైద్యం చేసిన నర్సుకు కూడా వ్యాధి పాకింది. తల్లి చనిపోయింది. డాక్టరు అడగకముందే మీరు ఏ వైరస్‌తో పనిచేస్తున్నారో చెప్పండి. ఆ వైరస్ పేరు, ల్యాబ్ భద్రతాధికారి ఫోను నంబరు రాసిన కార్డును పర్సులో పెట్టుకుని, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. జ్వరం ముదిరితే ఆసుపత్రిలో మీ తరఫున మాట్లాడాల్సింది వాళ్లే.